కుంట గట్టు మీద చిన్న స్విచ్

పదేళ్లుగా ఒక మాట నన్ను నంజుకు తింటోంది. ఎవరో నన్నన్న మాటైతే ఎప్పుడో తిప్పికొట్టి నిద్రపోయేదాన్ని. అది నేనన్న మాట.

నా నోటి సంగతి తెలిసినవాళ్లు ఇది చదివితే నమ్మరు. కాలేజీ స్టాఫ్ రూమ్‌లో ఏదైనా నిర్ణయం చడీచప్పుడు కాకుండా చేసేయాలంటే నేను క్లాసులో ఉన్న గంట చూసుకుంటారు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి నన్ను చూడగానే రసీదు ముందే తీస్తాడు. మా ఆయన ఒకసారి మా చుట్టాలందరి ముందు, "ఈమె వకీలైతే జడ్జి సాబ్ రాజీనామా ఇచ్చి ఇంటికి పోతుండె" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. గర్వంగానే నవ్వాను. అటువంటి నేను, ఒక పొద్దున, ఒక మనిషికి అన్యాయం జరుగుతుంటే పక్కనే నిలబడి నోరు మెదపలేదు. అంతకు పావుగంట ముందు ఆ నోరు తెరిచింది ఒక అబద్ధానికి.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లయితే మీతోనూ వాదించి, నా తప్పును సగానికి తగ్గించి చూపించేదాన్ని. ఆ విద్య నాకు బాగా వచ్చు.

మా పుట్టిల్లు ఇబ్రహీంపట్నం పక్క పల్లెలో. బాపు పోయాక పొలం అన్న చేతికొచ్చింది. పొలం చివర ఒక కుంట ఉండేది. ఊరి చెరువు కాదు, మా సొంతం. బాపు తవ్వించి, బోరు నీళ్లు పట్టి, చేపలు పెంచడం మొదలుపెట్టాడు. దాన్ని చూసుకునేవాడు మహబూబ్ అన్న. నేను స్కూలుకు పోయే రోజుల్లో చేరాడు. గట్టు మీద ఒక రేకుల గదిలో ఆయన, ఆయన భార్య, నాలుగు కోళ్లు. నాకు గాలం వేయడం నేర్పింది ఆయనే. జొన్న బెండు నీళ్లలో ఎట్లా మునిగితే చేప, ఎట్లా కదిలితే గాలి, చెప్పింది ఆయనే. తర్వాత నేను జువాలజీ చదివి, ఆయనకు చేపల గురించి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన విని, తలూపి, తన పద్ధతిలోనే చేసుకునేవాడు. అది నాకు మంటగా ఉండేది.

ఆ చలికాలం మా వదిన రెండో కాన్పుకని దవాఖానలో ఉంది. బీపీ ఎక్కువై ముందుగానే చేర్చుకున్నారు. అన్న అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంట్లో పెద్ద పిల్లను చూసుకోవడానికి నేను కాలేజీకి సెలవు పెట్టి వెళ్లాను. దానికి తొమ్మిదేళ్లు. పేరు రాయను. పాప అంటాను. అది నన్ను అత్తా అంటుంది. వాళ్లమ్మ లేక మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. అడిగితే ఒకటే మాట. వాళ్ల నాన్న గాలానికి తీసుకుపోతానని మాట ఇచ్చాడట, తీసుకుపోలేదట. సొంతంగా ఒక చేప పట్టి, బతికుండగానే డబ్బాలో వేసుకుపోయి అమ్మకు చూపించాలట.

"దవాఖానలకు చేపను రానిస్తరా పిల్లా?" అన్నాను.

"నేను సంచిల దాస్త. నువ్వు సిస్టరమ్మతోని కొట్లాడుతుండు. నీకొస్తది గదా కొట్లాడుడు" అంది.

నవ్వొచ్చింది. సరే పద అన్నాను.

ఎక్కడో తుఫాను. మాకు మూడు రోజులుగా ముసురు. ఎండ మొహం లేదు. సన్నటి తుంపర, దాని మీద చలిగాలి, పొద్దున తొమ్మిదైనా గట్టు ఆ చివర కనబడనంత పొగమంచు. పాపకు రెండు స్వెటర్లు, మంకీ క్యాప్, సాక్సుల మీద చెప్పులు వేసి, నా శాలువా కూడా చుట్టి తీసుకుపోయాను. ఇటువంటి వాతావరణంలో పిల్లను నీళ్ల దగ్గరికి ఎవరైనా తీసుకుపోతారా? ఎవరైనా వద్దంటే తీసుకుపోయే రకం నేను. పక్కింటావిడ వద్దంది. తీసుకుపోయాను.

కుంట మధ్యలో నీళ్లను చిలికే చక్రాల మోటరు తిరుగుతోంది. నీళ్లలోకి గాలి పట్టించడానికి అన్న పెట్టించాడు. మహబూబ్ అన్న ఉన్ని టోపీ పెట్టుకుని ఊరికి బయలుదేరుతున్నాడు, భార్యకు మందులు తేవాలని. పాపను చూసి, "ఏం పటేలమ్మా, గింత సలిల చేపలు గూడ దుప్పటి కప్పుకొని పంటయ్. నీ గాలం ఎవడు ముడుతడు?" అన్నాడు. పాప నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు.

పోయేముందు ఆయన నన్ను మోటరు స్టార్టర్ డబ్బా దగ్గరికి పిలిచాడు. పాప కూడా నా వెనకే వచ్చింది.

"చెల్లె, గీ మిషన్ బంద్ చెయ్యకు. మూడు దినాలాయె ఎండ లేక. పొద్దుగాల చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్."

నేనూరుకుంటానా? చలికి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, ఎండాకాలమైతే వేరు సంగతి, ఇప్పుడు ఈ మిషన్ దండగ అని మొదలుపెట్టాను. నేను చెప్పింది పుస్తకంలో ఉన్నదే. ఎండ లేకపోతే నీళ్లలోని నాచు గాలిని తయారుచెయ్యదని, రాత్రంతా అదే గాలిని పీల్చేస్తుందని కూడా అదే పుస్తకంలో ఉంది. ఆ సంగతి ప్రతి ఏడూ పిల్లలకు చెబుతాను. ఆ పొద్దున గుర్తు రాలేదు. గెలవాలనుకున్నప్పుడు నాకు పనికొచ్చే ముక్కలే గుర్తొస్తాయి.

మహబూబ్ అన్న వాదించలేదు. డబ్బా తలుపు తీసి లోపల చిన్న స్విచ్ చూపించాడు. "గిది ఆటో. కరెంట్ పోయి మల్లొస్తే మోటర్‌ను గిదే లేపుతది. ముసురుకు కరెంట్ ఊకె పోతున్నది. దీన్ని మాత్రం ముట్టకు తల్లీ. అవ్?" అన్నాడు.

"అవ్ అవ్. నాకు చెప్తున్నవా" అన్నాను.

ఆయన సైకిలెక్కి మంచులోకి పోయాడు.

గాలం వేశాం. మిషన్ లేపే అలలకు బెండు నిలవడం లేదు. దారం కొట్టుకుపోయి చక్రం వైపు పోతోంది. పాప దాన్ని లాగబోయి గట్టు అంచుకు జారింది. వెళ్లి ఎర్ర బటన్ నొక్కాను. మోటరు ఆగింది. అంతటితో వదిలేస్తే సరిపోయేదేమో, తెలియదు. కానీ కరెంటు పోతూ వస్తూ ఉంది. పిల్ల నీళ్ల మీదికి వంగి ఉన్నప్పుడు అది తనంతట తాను లేస్తే? ఆ భయంతో లోపలి చిన్న స్విచ్ కూడా కిందికి దించాను. ఇక్కడిదాకా నా తప్పేం లేదని ఇప్పటికీ వాదించగలను. పిల్ల కోసం చేశాను.

గంట తర్వాత బెండు మునిగింది. పాప అరిచిన అరుపుకు గట్టు మీద కోళ్లన్నీ చెదిరిపోయాయి. అరచెయ్యంత రవ్వ చేప. పాప వేళ్లు చలికి నీలంగా అయ్యాయి, అయినా పట్టు వదలదు. చేప నోరు తెరుస్తోంది, మూస్తోంది. పాప కాసేపు దాన్నే చూసి, "దీనికి ఊపిరి అందుతలేదత్తా. ఇడిసిపెడదాం. అమ్మ ఇంటికొచ్చేవరకు పెద్దగైతది. అప్పుడు చూపిస్త" అంది. తానే వంగి, రెండు చేతులతో నీళ్లలోకి వదిలింది.

తుంపర పెరిగింది. నా పళ్లు కొట్టుకుంటున్నాయి. గాలం చుట్టి, గ్రీన్ బటన్ నొక్కాను. మోటరు తిరిగింది. పదమంటే పాప కదల్లేదు.

"అత్తా, లోపలి చిన్న స్విచ్చి గూడ పెట్టాలె గదా? మహబూబ్ తాత చెప్పిండు."

తొమ్మిదేళ్ల పిల్ల. చెప్పింది విన్నది. గుర్తుపెట్టుకున్నది. గుర్తు చేసింది.

నేనేమన్నానో తెలుసా? "నువ్వు నాకు నేర్పకు. మోటర్ నడుస్తలేదా? పద, సలికి సస్తున్న."

డబ్బా తలుపు మూసి, పాప రెక్క పట్టుకుని లాక్కుపోయాను. పది సెకన్ల పని. పిల్ల చెప్పిందని చేయడం నాకు నామోషీ అయింది. ఇంతకాలం దీనికి వేరే కారణాలు వెతికాను. చలి అన్నాను, పిల్ల తడుస్తోంది అన్నాను. కాదు. చిన్నపిల్ల నా తప్పు పట్టింది, అంతే.

మర్నాడు తెల్లవారుతుండగా దవాఖాన నుంచి ఫోన్. మగపిల్లాడు. తల్లీ బిడ్డా క్షేమం. అన్న ఆ సంతోషంలో ఉండగానే కుంట దగ్గర నుంచి ఇంకో ఫోన్. నేను అన్న వెనకే పరిగెత్తాను. పాప నిద్రలో ఉంది.

కుంట మీద మంచు అప్పుడే లేస్తోంది. కింద తెల్లగా ఉంది. మొదట అదీ మంచే అనుకున్నాను. పొట్టలు. ఒడ్డు నుంచి ఒడ్డుకు, నీళ్లు కనబడనంతగా, చేపల తెల్లటి పొట్టలు. చక్రాలు కదలడం లేదు. కరెంటు మాత్రం ఉంది, గది ముందు బల్బు వెలుగుతోంది.

అన్న గట్టు ఆ చివర ఫోన్‌లో ఎవరి మీదో అరుస్తున్నాడు. మహబూబ్ అన్న నన్ను మోటరు గది వెనక్కి పిలిచాడు. ఆయన గడ్డం మీద తుంపర చుక్కలు. ఆయన నా మీద అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, అరుపుల్లో నిజం బయటపడేదేమో.

"చెల్లె, నిన్న నేనొచ్చేసరికి మిషన్ నడుస్తుండె. మంచిగున్నదనుకొని పన్న. నడిరాత్రి కరెంట్ పోయింది, మల్లొచ్చింది. మోటర్ లేవలే. డబ్బా తీసి చూస్తే ఆటో కిందికున్నది" అన్నాడు. గొంతు తగ్గించాడు. "పాప ఏమన్న ముట్టిందా?"

చూడండి, ఆయన నన్ను అనుమానించలేదు. చదువుకున్నదాన్ని, చెప్పించుకున్నదాన్ని, నేను ముట్టను అనుకున్నాడు. ఆ నమ్మకమే నాకు దారి చూపించింది. ఇక్కడ నేను "నేనే అన్నా" అనాలి. రెండు మాటలు. నోట్లోకి వచ్చాయి కూడా, ఇది అబద్ధం కాదు. కానీ నిన్న ఆయనతో ఆక్సిజన్ గురించి వాదించింది గుర్తొచ్చింది. "నాకు చెప్తున్నవా" అన్నది గుర్తొచ్చింది. అన్న ముందు, ఊరి ముందు, నా చదువు నవ్వులపాలవడం కళ్ల ముందు కనబడింది.

"ఏమో అన్నా. నేను గాలానికి ఎర కడుతుంటి. పిల్లలు గదా, ఏం ముడుతరో ఎవరికెరుక" అన్నాను.

ఇదీ ఆ మాట. ఇదే పదేళ్లుగా నన్ను తింటున్నది.

మహబూబ్ అన్న కుంట వైపు చూశాడు. తర్వాత నా వైపు.

"గీ మాట ఇంకెవ్వరికి చెప్పకు" అన్నాడు. "మీ అన్న చెయ్యి ఎసొంటిదో నీకెరుకనే. కొడ్తడు. కొట్టుడు అటుంచు, తమ్ముడు పుట్టిన నాడే కుంట మొత్తం సంపిందంటరు. ఆడపిల్లకు గా పేరు పడితే పోతదా? జిందగంత అంటనే ఉంటరు."

"మరి నీ సంగతేంది?" అన్నాను. అన్నాను, అంతే. అడగడం వేరు, ఆపడం వేరు.

"నాదేముంది. ముసలోన్ని, మర్చిపోయిన అంటా."

అన్న వచ్చాడు. మహబూబ్ అన్న ఎదురెళ్లి, "చిన్న పటేలా, నా తప్పే. మందుల కోసం పోంగ ఆటో బంద్ పెట్టిన, మల్లొచ్చి పెట్టుడు యాది మర్సిన" అన్నాడు. అన్న ఏమేం అన్నాడో రాయను. తాగి పన్నావన్నాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషిని. బాపు ఉంటే నిన్ను చెప్పుతో కొట్టేవాడు అన్నాడు. మహబూబ్ అన్న తల దించుకుని విన్నాడు. ఆయన భార్య గది గడపలో నిలబడి చూస్తోంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఊరందరి గొడవల్లో తలదూర్చే నేను, ఆరోజు చెప్పుకు అంటిన బురదను గడ్డికి రాసుకుంటూ నిలబడ్డాను.

వారం తిరక్కుండానే గది ఖాళీ అయింది. ఒక ఆటో ట్రాలీలో ఇరవై ఏళ్లకు పైబడిన సంసారం. కోళ్లను గంప కింద పెట్టారు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో బిడ్డ దగ్గరికి పోతున్నామని చెప్పారట. నేను అప్పటికి కాలేజీకి వచ్చేశాను. కావాలనే ఒకరోజు ముందు వచ్చేశాను.

పాప మాత్రం చేపలు చచ్చిన రోజు సాయంత్రమే నన్ను అడిగింది. "అన్నీ సచ్చినయా? నాది గూడనా?" తల ఊపాను. కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని మళ్లీ అడిగింది. "నువ్వు తర్వాత పోయి చిన్న స్విచ్చి పెట్టొచ్చినవ్ గదా అత్తా?"

"పెట్టిన" అన్నాను.

నమ్మింది. అత్త చెబితే నమ్మకుండా ఎట్లా ఉంటుంది? మరి తాతే మర్చిపోయి ఉంటాడు అనుకుంది. అట్లా ఆ చిన్న మనసులో కూడా ఆయన్ను దోషిని చేశాను. ఆయన మనసులో దాన్ని చేశాను. ఇద్దరి మధ్యా నేను శుభ్రంగా ఉన్నాను.

చెప్పడానికి సమయం లేక కాదు. పదేళ్లు. బాబు తొట్టెల రోజున చెబుదామనుకున్నాను, ఇంటినిండా చుట్టాలు. అన్నకు గుండె ఆపరేషన్ అయ్యాక చెబుదామనుకున్నాను, ఇప్పుడెందుకు మనసు కష్టపెట్టడం అనిపించింది. తర్వాత కొంగరకలాన్ వైపు భూములన్నీ ప్లాట్లవుతుంటే అన్న కూడా ఆ కుంటను పూడ్పించేశాడు. ఇప్పుడక్కడ నంబర్లు వేసిన రాళ్లు ఉన్నాయి. నిజం చెప్పనా, పూడ్చారని విన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. మట్టి నా మాట మీద కూడా పోశారనుకున్నాను. ఎంత తెలివితక్కువతనం.

పోయిన చలికాలం పాప స్కూటీ మీద నన్ను మన్నెగూడ తీసుకుపోయింది. దానికి ఇప్పుడు పంతొమ్మిది. డిగ్రీ చదువుతోంది. నాలాగే వాదిస్తుంది, కానీ ఓడిపోతే ఒప్పుకుంటుంది. ఆ గుణం ఎక్కడిదో, నాది మాత్రం కాదు. ఒక ప్లాట్ల వెంచర్ గేటు దగ్గర దారి అడగడానికి బండి ఆపింది. వాచ్‌మన్ గదిలోంచి ఉన్ని టోపీ పెట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు.

నేను గుర్తుపట్టేలోపు పాప బండి దిగి ఆయన చేతులు పట్టుకుంది. "మహబూబ్ తాతా! నేను! కుంట కాడ పటేలమ్మను!"

ఆయన కళ్లు చికిలించి చూసి, పెద్దగా నవ్వాడు. పళ్లు కొన్నే మిగిలాయి. భార్య పోయి రెండేళ్లైందట. నన్ను చూసి, "మంచిగున్నవా చెల్లె?" అన్నాడు. తల ఊపాను. నా నాలుక ఏమైందో.

పాప అంది, "తాతా, మా నాయిన అప్పుడు మస్తు తిట్టిండంట. నువ్వేమనుకోకు. నేనైతే నీ మీద ఏం అనుకోలే. మర్సిపోవుడు ఎవరికైనా అయితది."

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. మనిద్దరికీ తెలిసిన రహస్యం భద్రంగా ఉందన్న చూపు అది. తర్వాత పాప తల మీద చెయ్యి పెట్టాడు.

"అవ్ బిడ్డా, నేనే మర్సిపోయిన. నువ్వు గూడ గా ముచ్చట మనసుల పెట్టుకోకు. ఫికర్ చెయ్యకు. మంచిగ సదువుకో."

ఇది అర్థమవుతోందా మీకు? చెయ్యని తప్పుకు ఆయన్ను పాప క్షమించింది. చెయ్యని తప్పుకు పాపను ఆయన క్షమించాడు. ఇద్దరూ తేలికపడి నవ్వుకుంటున్నారు. తప్పు చేసినదాన్ని నేను స్కూటీ పట్టుకుని నిలబడ్డాను. అక్కడే చెప్పొచ్చు. ఇద్దరూ ఒకేచోట ఉన్నారు. అంతకంటే మంచి సమయం ఈ జన్మలో రాదు. ఆయన టీ తాగి పొమ్మన్నాడు. పొద్దుపోతుందని నేనే తొందరపెట్టాను.

దారిలో పాప అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగింది. "అత్తా, తాత నన్నెందుకు మనసుల పెట్టుకోవద్దన్నడు? నేనేం చేసిన?"

"ముసలితనం. మతి నిలకడ లేదు. ఏదో ఒకటి అంటుంటడు" అన్నాను.

పాప చూపు అద్దంలోంచి రోడ్డు మీదికి తిప్పుకుంది.

ఇంటికొచ్చిన ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నాను. మొదటి అబద్ధానికి భయం ఉంది, కంగారు ఉంది. ఇప్పటిదానికి ఏముంది? ఆయన దగ్గర మిగిలింది మతి ఒక్కటే. దాన్ని కూడా తీసేశాను. పదేళ్లలో నేనేం నేర్చుకున్నట్టు? ఇంకా సునాయాసంగా అబద్ధమాడడం నేర్చుకున్నాను.

ఇది రాసినంత మాత్రాన ఆయన గది ఆయనకు రాదు. భార్య ఆ గది గడపలో నిలబడి విన్న తిట్లు వెనక్కి పోవు. ఆయన దగ్గరికి వెళ్తానా, పాపకు చెబుతానా అని మీరు అడగొచ్చు. వెళ్తానని రాయాలని ఉంది. నా మాట మీద నాకే నమ్మకం లేదు కాబట్టి రాయను. కానీ ఈ కాగితం మీద వాదించడానికి ఎదురుగా ఎవరూ లేరు. అందుకేనేమో, మొదటిసారి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు వస్తున్నాయి. ఛాతీలో ఏదో కొంచెం సడలింది. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదు.

ఆటో స్విచ్ దించింది నేను. మళ్లీ ఎత్తనిది నేను. పాప దాన్ని ముట్టలేదు. పాప గుర్తు చేసింది.